క్రానికల్ ఎవరి పత్రిక?

ఇస్క్రా పేరు వినని కార్యకర్త మనలో అరుదు. 1900 డిసెంబరులో జర్మనీలోని లీప్‌జిగ్‌లో తొలి సంచిక అచ్చయిందనీ, దొంగ అడుగులున్న పెట్టెల్లో సరిహద్దు దాటి రష్యా చేరేదనీ రాజకీయ తరగతుల్లో విన్నాం. ప్రావ్దా సంగతీ అంతే. 1912 మే 5న పీటర్స్‌బర్గ్‌లో మొదలైన ఆ పత్రికకి కార్మికులు కోపెక్కు కోపెక్కు పోగేసి ఇచ్చారు. పోలీసులు మూసేసినప్పుడల్లా పేరులో ఓ ముక్క మార్చుకుని మళ్ళీ వచ్చేది. రెండేళ్ళలో ఎనిమిదిసార్లు! ఈ కథ చెప్పేవాళ్ళ కళ్ళు మెరిసేవి, వినే మన కళ్ళూ మెరిసేవి. బావుంది. మరి ఆ తర్వాత?

ఆ తర్వాత కథ మనకెవరూ చెప్పలేదు. అధికారంలోకొచ్చిన రెండు రోజులకే, 1917 నవంబరు 9న (పాత క్యాలెండరు ప్రకారం అక్టోబరు 27న), బోల్షివిక్ ప్రభుత్వం పత్రికల మీద డిక్రీ తెచ్చింది. ఇది తాత్కాలికమేనని, పరిస్థితి కుదుటపడగానే ఎత్తేస్తామని అందులోనే రాసుకుంది. గోర్కీ నడిపిన నోవయా జీజ్న్ పత్రిక ఈ పద్ధతిని కడిగేసింది. 1918 జులైలో దాన్నీ మూసేశారు. ‘అమ్మ’ నవలని నెత్తిన పెట్టుకున్న మనం ఆ గోర్కీని మాత్రం పక్కన పెట్టేశాం. 1922 జూన్‌లో గ్లావ్‌లిత్ అనే సెన్సారు సంస్థ పుట్టింది. తాత్కాలికమన్న ఏర్పాటు 1990 పత్రికా చట్టం వచ్చేదాకా నడిచింది.

మా మేనమామ నోటుపుస్తకాలకి ‘సోవియట్ భూమి’ కాగితాలతో అట్టలు వేసుకునేవాడు. నున్నటి కాగితం, రంగుల బొమ్మలు, నవ్వుతున్న ట్రాక్టరు డ్రైవర్లు. ఆ పుస్తకాలు మా ఇంట్లో ఇంకా ఉన్నాయి. వాటిని చూసినప్పుడల్లా నాకో ప్రశ్న వస్తుంది: ఆ బొమ్మ తీసిన రోజున ఆ ట్రాక్టరు డ్రైవరుకి ఏదన్నా కష్టం ఉంటే ఏ పత్రికకి రాసుకునేవాడు? ఈ వ్యాసానికి మూలం అదే. నాకు రష్యన్ రాదు. చదివినదంతా ఇంగ్లీషు అనువాదాల్లోనే. ఆ లోపం ఉంటుందని ముందే ఒప్పుకుంటున్నాను.

నేను మాట్లాడబోయేది ‘క్రానికల్ ఆఫ్ కరెంట్ ఈవెంట్స్’ గురించి. ‘వర్తమాన ఘటనల దినచర్య’ అనుకోవచ్చు. తొలి సంచిక మీద తేదీ 1968 ఏప్రిల్ 30. చివరిగా పూర్తయినది 64వ సంచిక, దానిమీద తేదీ 1982 జూన్ 30. అచ్చుయంత్రం లేదు, ఆఫీసు లేదు, సంపాదకుల పేర్లు లేవు. పల్చటి కాగితాల మధ్య కార్బన్లు పెట్టి టైపు కొట్టడమే. ఒకళ్ళు కొట్టిన కాపీల్లో ఒకటి ఇంకొకళ్ళకి చేరితే వాళ్ళు మళ్ళీ కొడతారు. రష్యన్‌లో దీన్నే ‘సమిజ్‌దాత్’ అన్నారు, అంటే సొంత ప్రచురణ. ప్రభుత్వ ప్రచురణ సంస్థల పేర్లని వెక్కిరిస్తూ పుట్టిన మాట. తొలి సంపాదకురాలు నతాల్యా గోర్బనేవ్‌స్కయా అనే కవయిత్రి. 1968 ఆగస్టు 25న చెకొస్లొవేకియా ఆక్రమణకి నిరసనగా రెడ్ స్క్వేర్‌లో కూర్చున్న ఎనిమిది మందిలో ఆమె ఒకతె. తోపుడుబండిలో పసిబిడ్డతో సహా వెళ్ళింది. 1969 డిసెంబరులో అరెస్టు చేసి పిచ్చిదని ముద్ర వేశారు. 1972 దాకా బయటికి రానివ్వలేదు. పత్రిక మాత్రం ఆగలేదు, వేరే చేతులు అందుకున్నాయి.

ఆ పత్రికలో ఏం ఉండేది? ఇక్కడే నాకు మొదట ఆశ్చర్యం వేసింది. సంపాదకీయం లేదు. పిలుపు లేదు. దుర్మార్గులు, రాక్షసులు అన్న మాటలు లేవు. ఎవర్ని ఎక్కడ అరెస్టు చేశారు, ఎవరింట్లో సోదా జరిగింది, ఏం పట్టుకుపోయారు, ఏ సెక్షను, ఎన్నేళ్ళు, ఏ క్యాంపు. ఇంతే. సోదాలు, విచారణలు, క్యాంపులూ జైళ్ళూ, సమిజ్‌దాత్ వార్తలు అని శీర్షికలు. వీటికి తోడు సవరణల శీర్షిక ఒకటి. ఫలానా సంచికలో ఫలానా పేరు తప్పుగా పడింది, శిక్ష అయిదేళ్ళు కాదు మూడేళ్ళు. పట్టుబడితే జైలుకి పోయే పత్రిక తన తప్పుల్ని తనే బయటపెట్టుకుంటోంది! మన కరపత్రాల్లో, మన నిజనిర్ధారణ నివేదికల్లో సవరణ అన్న మాట ఎప్పుడైనా చూశామా? విశేషణాలు మాత్రం గంపలకొద్దీ ఉంటాయి.

ఇదంతా రుచి కోసం చేసింది కాదు. 1966 సెప్టెంబరులో రష్యన్ శిక్షాస్మృతిలో 190-1 అనే సెక్షను చేర్చారు. సోవియట్ వ్యవస్థని కించపరిచే అబద్ధాల్ని అబద్ధాలని తెలిసే ప్రచారం చేస్తే నేరం. ఆ సెక్షను నిలబడాలంటే రాసినది అబద్ధమై ఉండాలి కదా. అందుకని పొల్లు మాట లేకుండా రాయడమే వాళ్ళ రక్షణ. రక్షణ దొరికిందా అంటే పెద్దగా దొరకలేదు. జీవశాస్త్రవేత్త సెర్గేయ్ కొవల్యోవ్‌ని 1974 డిసెంబరులో పట్టుకుని, ఏడాది తర్వాత విల్నియస్‌లో విచారించి, ఇంకా కఠినమైన 70వ సెక్షను కింద ఏడేళ్ళ క్యాంపు, మూడేళ్ళ ప్రవాసం వేశారు. కోర్టు అలా చేసినా రాతలో మాత్రం ఆ క్రమశిక్షణ పోలేదు. శైలి అంటే అందం అని నేర్పించిన తెలుగు ఎమ్మే పాఠాలకి ఇదొక జవాబు.

ఇంతవరకూ మెచ్చుకోలు. ఇక అసలు పేచీ.

ఈ ఉద్యమ చరిత్రని సాధారణంగా ఎలా చెబుతారు? మాస్కోలో కొందరు కవులు, గణితవేత్తలు, భౌతికశాస్త్రవేత్తలు వంటగదుల్లో కూచుని మాట్లాడుకున్నారు, అంతరాత్మ మేలుకుంది, పత్రిక పుట్టింది. 1857లో లండన్ నుంచి ‘కోలకల్’ (గంట) మోగించిన భూస్వామి కొడుకు హెర్జెన్ దగ్గర మొదలుపెట్టి నేరుగా సఖారోవ్ దగ్గరికి గీత గీస్తారు. చదువుకున్నవాళ్ళ నుంచి చదువుకున్నవాళ్ళకి అందిన వారసత్వం అన్నమాట. కోలకల్ గొప్ప పత్రికే. 1861లో అర్ధబానిసత్వం రద్దయ్యే ముందు రోజుల్లో అధికారుల దౌర్జన్యాలని పేర్లతో సహా బయటపెట్టింది. కానీ అందులో రైతు గురించి రాసినవాళ్ళే కనిపిస్తారు. రైతు కనిపించడు.

క్రానికల్ రూపం నిజంగా మాస్కో వంటగదుల్లోనే పుట్టిందా? ల్యుద్మీలా అలెక్సేయెవా తన సోవియట్ అసమ్మతి చరిత్రలో వేరే మాట చెప్పింది. ఆమె బయటినుంచి చూసిన మనిషి కాదు, క్రానికల్ సంచికల్ని స్వయంగా టైపు కొట్టిన మనిషి. క్రానికల్ కన్నా ముందే క్రిమియా తాతారుల సమాచార పత్రాలు తిరుగుతున్నాయి. 1944 మేలో స్టాలిన్ ఆ జాతి మొత్తాన్నీ ద్రోహులని ముద్రవేసి, రైళ్ళలో కుక్కి, మధ్య ఆసియాకి తోలేశాడు. వాళ్ళలో మెజారిటీ ఉజ్బెకిస్తాన్‌లో పొలాల్లోనూ ఫ్యాక్టరీల్లోనూ పనిచేసుకు బతికారు. 1966లో పార్టీ మహాసభకి లక్షకి పైగా సంతకాలతో అర్జీ పంపారు. తమలో తాము చందాలు వేసుకుని ప్రతినిధుల్ని వంతులవారీగా మాస్కోలో ఉంచారు. ఆ ప్రతినిధులు ఏ ఆఫీసుకి వెళ్ళారు, ఎవరేమన్నారు, ఊళ్ళో ఎవర్ని పట్టుకెళ్ళారు అనేది కాగితం మీద పెట్టి జనానికి పంపేవారు. జనం డబ్బిచ్చారు కాబట్టి జనానికి లెక్క చెప్పాలి. ఆ పొడి భాషకి మూలం ఇది. అంతరాత్మకన్నా ముందు జమాఖర్చు ఉంది.

రెండో పాఠం బాప్టిస్టులది. ప్రభుత్వ రిజిస్ట్రేషన్ షరతులకి ఒప్పుకోని బాప్టిస్టుల్లో ఎక్కువమంది పెద్ద చదువుల్లేని శ్రామికులు. వాళ్ళ ఆడవాళ్ళు 1964లో ఖైదీల బంధువుల మండలి అని ఒకటి పెట్టుకున్నారు. జైల్లో ఉన్నవాళ్ళ జాబితాలు తయారుచేశారు. పేరు, అరెస్టు తేదీ, శిక్ష, ఇంట్లో ఆధారపడినవాళ్ళు ఎంతమంది. చివరి గడి చూడండి. భర్త జైలుకి పోతే ఎన్ని కంచాలు ఖాళీగా ఉంటాయో తెలిసిన ఆడవాళ్ళు పెట్టిన గడి అది. పైగా క్రానికల్ టైపు మిషన్ల దగ్గరే ఆగిపోతే, బాప్టిస్టులు 1970ల మొదట్లోనే ‘క్రిస్తియానిన్’ పేరుతో సొంతంగా తయారుచేసుకున్న అచ్చుయంత్రాల మీద బైబిళ్ళు, పత్రికలు వేలకొద్దీ వేశారు. 1974 అక్టోబరులో లాత్వియాలో ఓ పల్లె ఇంట్లో అలాంటి ప్రెస్సు పోలీసులకి దొరికింది. అక్కడ పనిచేస్తున్న ఏడుగుర్ని పట్టుకున్నారు. ఇంజినీర్లూ శాస్త్రవేత్తలూ నిండిన మాస్కో బృందం చేయలేని పని ఇది. వాళ్ళకి రాక కాదు. యంత్రం దాచాలంటే ఊరు కావాలి, నోరు మెదపని ఇరుగుపొరుగు కావాలి.

క్రానికల్ వార్త సేకరణ పద్ధతి కూడా ఇక్కడే చూడాలి. అయిదో సంచికలో పాఠకులకి ఒక సూచన ఇచ్చారు. నీకు తెలిసిన సంగతి నీకు పత్రిక ఇచ్చిన మనిషికే చెప్పు, అతను తనకి ఇచ్చినవాళ్ళకి చెబుతాడు. గొలుసు వెంట నువ్వే నడవాలని చూడకు, ఇన్‌ఫార్మర్ అనుకుంటారు. ఎంత తెలివైన ఏర్పాటు! పత్రిక పైనుంచి కిందికి పోతుంది, వార్త కిందినుంచి పైకి వస్తుంది. కానీ ఆ గొలుసులో తొలి కొక్కెం పరిచయం. నీకు పత్రిక ఇచ్చే స్నేహితుడు ఉండాలి. యూనివర్సిటీలోనో, పరిశోధనా సంస్థలోనో ఉంటే ఉంటాడు. లోకోమోటివ్ ఫ్యాక్టరీలో ఉంటే? 1962 జూన్ 2న నోవోచెర్కాస్క్‌లో మాంసం, వెన్న ధరలు పెంచారని, పైగా జీతం కోశారని రోడ్డెక్కిన కార్మికుల మీద సైన్యం కాల్పులు జరిపింది. ఇరవై మందికి పైగా చచ్చిపోయారు. తర్వాత ఏడుగురికి మరణశిక్ష వేశారు. సోవియట్ పత్రికల్లో ఏళ్ళ తరబడి అక్షరం లేదు. అప్పటికి క్రానికల్ పుట్టలేదు నిజమే. కానీ పుట్టాక కూడా ఫ్యాక్టరీల నుంచి దానికి చేరిన వార్త పల్చన.

వ్లదీమిర్ క్లెబనోవ్ సంగతి తీసుకోండి. దొన్‌బాస్ బొగ్గుగని మనిషి. అదనపు పని గంటలు, గని ప్రమాదాల గురించి ఫిర్యాదు చేస్తే పిచ్చాసుపత్రిలో పెట్టారు. బయటికొచ్చి మాస్కో ఆఫీసుల చుట్టూ తిరుగుతుంటే అర్జీలు పట్టుకుని బెంచీల మీద కూచున్న, ఉద్యోగాలు పోయిన ఇతర కార్మికులు కలిశారు. ఆ వెయిటింగు గదుల్లోనే ఒక సంఘం పుట్టింది. 1978 మొదట్లో స్వతంత్ర కార్మిక సంఘం అని ప్రకటించుకున్నారు. వాళ్ళ గొలుసు స్నేహం కాదు, క్యూ. తాము అసమ్మతివాదులం కాదని వాళ్ళే దూరం పెట్టుకున్నారు, ఇటువైపు నుంచీ ఆదరణ అంతంతమాత్రమే. క్రానికల్ వాళ్ళ అరెస్టుల్ని నిజాయితీగా నమోదు చేసింది. కానీ నమోదు చేయడం వేరు, చెయ్యి కలపడం వేరు. క్లెబనోవ్‌ని మళ్ళీ పిచ్చాసుపత్రికే పంపారు.

ఇందుకు ఎదురు ఉదాహరణ లేకపోలేదు. అనతోలీ మార్చెంకో. సైబీరియాలో చదువురాని రైల్వే కూలీల కొడుకు, ఎనిమిది తరగతులు చదివాడు. స్టాలిన్ పోయాక కూడా క్యాంపులు ఎలా నడుస్తున్నాయో 1967లో ‘నా సాక్ష్యం’ అని పుస్తకం రాశాడు. మాస్కో మిత్రులు దాన్ని టైపు కొట్టారు, చేతులు మార్చారు. తర్వాతి ఏడు చెకొస్లొవేకియా మీద పత్రికలకి బహిరంగ లేఖ రాస్తే పాస్‌పోర్టు నిబంధన ఉల్లంఘించాడన్న నెపంతో జైల్లో వేశారు. అలా పోతూ వస్తూ 1986 డిసెంబరు 8న చిస్తోపోల్ జైలు ఖైదీగానే, సుదీర్ఘ నిరాహారదీక్ష తర్వాత చచ్చిపోయాడు. కొద్దివారాలకే రాజకీయ ఖైదీల విడుదల మొదలైంది. ఇతన్ని చూపించి గొలుసు కిందిదాకా వెళ్ళిందనే వాళ్ళున్నారు. ఒక్క మార్చెంకో రావడానికి ముందు అతనికి క్యాంపు కావాల్సొచ్చింది. చదువుకున్న ఖైదీల పరిచయం అక్కడ దొరికింది. కార్మికుడు మేధావిని కలవడానికి ఆ దేశంలో నమ్మకమైన చోటు జైలే అయితే, ఆ తప్పు క్రానికల్ ఒక్కదాని మీదే వేయలేం.

వేయలేం కాబట్టే 31వ సంచికని విడిగా చెప్పాలి. 1972లో యకీర్, క్రాసిన్ అనే ఇద్దరు ముఖ్యుల్ని పట్టుకుని లొంగదీశారు. కొత్త సంచిక వస్తే ఎవరో ఒకర్ని అరెస్టు చేస్తామని బెదిరించారు. ఏడాదిన్నర పైగా పత్రిక రాలేదు. 1974 మే 7న ఆగిపోయిన మూడు సంచికలు ఒక్కసారే బయటికొచ్చాయి. తత్యానా వెలికనోవా, తత్యానా ఖొదరోవిచ్, కొవల్యోవ్ ముగ్గురూ పంపిణీ బాధ్యత మాదే అని పేర్లతో సంతకం పెట్టారు. ఇన్నాళ్ళూ పేరు లేని పత్రికకి ఆ రోజు పేర్లొచ్చాయి. పదిరోజులకే వచ్చింది 31వ సంచిక. అది మొత్తం క్రిమియా తాతారులదే, వాళ్ళని తోలేసి 30 ఏళ్ళయిన సందర్భంగా. అప్పు తీర్చడమే అనుకుంటాను నేను. కొవల్యోవ్ ఆ ఏడు డిసెంబరులో, వెలికనోవా 1979 నవంబరులో జైలుకి వెళ్ళారు.

క్రానికల్ సంచికల్ని భద్రపరిచి అందరికీ అందుబాటులో పెట్టిన మెమోరియల్ సంస్థని 2021 డిసెంబరు 28న రష్యా సుప్రీంకోర్టు రద్దు చేసింది. 1993లో పుట్టిన నోవయా గజేతా ఉక్రెయిన్ యుద్ధం మొదలైన నెలకి, 2022 మార్చి 28న, అచ్చు ఆపుకుంది. సెప్టెంబరులో కోర్టు దాని రిజిస్ట్రేషన్ తీసేసింది. దేశం వదిలిన పాత్రికేయులు కొందరు రీగా నుంచి వేరే పేరుతో నడుపుతున్నారు. 2014లో క్రిమియాని కలిపేసుకున్నాక మళ్ళీ అరెస్టయినవాళ్ళలో తాతారులే ఎక్కువగా కనబడతారు. వాళ్ళ ఊళ్ళలో విచారణ రోజున కోర్టు బయట నిలబడి, ఎవర్ని ఎప్పుడు లోపలికి తీసుకెళ్ళారో రాసి పంపేది ఎక్కువగా చదువుకున్న పాత్రికేయులు కాదు. వాళ్ళ ఇళ్ళవాళ్ళే, పక్కింటివాళ్ళే.