అద్దములోని కన్యాశుల్కము

ఇటీవల ఒక గ్రంథాలయమున గురజాడ అప్పారావుగారి (1862–1915) అరుదైన వస్తువులను ప్రదర్శింపగా మేము చూడబోయితిమి. జనులు ఆయన వాడిన వస్తువుల చుట్టు మూగిరి, అది సహజమే. మమ్ము నిలిపినది 'కన్యాశుల్కము' 1897 నాటి ప్రథమ ముద్రణము. ముఖపత్రము మాత్రము కనబడునట్లు దానిని అద్దపు పెట్టెలో నుంచిరి. ప్రక్కనే 1909 నాటి ద్వితీయ ముద్రణము, 'సవరించిన ప్రతి' యను చీటితో. సవరణమా? అప్పారావుగారు నాటకమును దాదాపు తిరుగ వ్రాసి విస్తరించిరి. మనము తరగతులలో చెప్పునది ఈ రెండవదానినే. పండ్రెండేండ్లలో ఆయన చేయి ఎట్లు తిరిగెనో రెండింటిని సరిపోల్చి చదివినగాని తెలియదు. ఒక్క సన్నివేశమునకైనను ఇరు ముద్రణముల పుటల ఛాయాచిత్రములను పెట్టె ముందర నుంచిన చాలియుండెడిది. మూలప్రతి చెడకుండుటకు అద్దము వలయును, కాదనము. మా విద్యార్థి యొకడు మొదటి ముద్రణమున గిరీశము ఎట్లు మాటలాడెనని యడిగెను. పెట్టెకు తాళము వేసియుండెను.