ఆరవ తరగతి సంధి పాఠం: సూత్రం, వాచకం, వ్యవహారం

ప్రాథమికోన్నత దశలో అడుగుపెట్టిన విద్యార్థికి వ్యాకరణం పారిభాషిక పదాలతో సహా పరిచయమయ్యేది సాధారణంగా ఆరవ తరగతిలో. ఉత్వ, ఇత్వ, అత్వ సంధులు అక్కడ మొదలవుతాయి. ఈ పాఠానికి ఆధారం పరవస్తు చిన్నయసూరి ‘బాలవ్యాకరణం’. ఉత్తుకు అచ్చు పరమైతే సంధి నిత్యమనీ, ఏమ్యాదుల ఇత్తుకు వైకల్పికమనీ, అత్తుకు బహుళమనీ సూరి చేసిన విభాగమే నేటికీ బోధనలో నిలిచి ఉంది. సూత్రాల ప్రామాణికతను ప్రశ్నించడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. అవి ఏ భాషకు లక్షణాలుగా పిల్లలకు అందుతున్నాయన్నదే ప్రశ్న.

1853లో వెలువడిన ‘నీతిచంద్రిక’ చదివిన విద్యార్థికి ఈ ఇబ్బంది లేదు. అందులోని వచనం సూత్రానుసారి కనుక ప్రతి పంక్తిలోనూ లక్ష్యం దొరికేది. గిడుగు రామమూర్తి తదితరుల కృషి ఫలితంగా కాలక్రమంలో వాచక భాష వ్యావహారికమైంది, పదాలను విడివిడిగా అచ్చు వేయడం రివాజైంది. వ్యాకరణ పాఠం మాత్రం పాత చోటనే ఉంది. ‘వాడు ఎక్కడ ఉన్నాడు’ అని అచ్చువేసిన పుస్తకమే, కొన్ని పుటల తరువాత, ఉత్వసంధి నిత్యమని చెబుతుంది. (ఈ వ్యాస వాక్యాలను ఆ సూత్రంతో పరీక్షించినా పంక్తికొక విసంధి తేలుతుంది.) దాంతో సంధి పద్యానికి మాత్రమే చెందిన విషయమనీ, పరీక్షలో విడదీయడానికే ఉన్నదనీ విద్యార్థి భావిస్తే తప్పు అతనిది కాదు.

నిజానికి సంధి అత్యంత సజీవంగా ఉన్నది ఆ విద్యార్థి నోటిలోనే. ‘వాడెక్కడున్నాడు’ అనే ఒక్క మాటలో ఉత్వం, అత్వం రెండూ ఉన్నాయి. తెలంగాణ పిల్లల ‘ఏడున్నడు’ అత్వసంధికి చక్కని ఉదాహరణ. ఇక వైకల్పికం సంగతి: ‘ఏమంటివి, ఏమియంటివి’ అని రెండు రూపాలు చూపిస్తారు గాని, రెండవది నేడు ఎవరి నోటా వినిపించదు.

ఇంతకంటె ఆసక్తికరమైనది క్త్వార్థక ఇకారం. దానికి సంధి లేదని సూరి నిషేధించాడు. అయితే ‘పుస్తకం తెచ్చిచ్చాడు’, ‘పెన్ను తీసిచ్చింది’ అనని పిల్లలు అరుదు. ‘తెచ్చి’లోని ఇకారం పరమైన అచ్చులో లీనమైంది. సూత్రం కాదన్నది వ్యవహారంలో సహజంగా జరుగుతోంది. దీన్ని దోషంగా దిద్దడమా, భాషా పరిణామంగా గుర్తించడమా? పాఠం ఈ ప్రశ్నను అసలు ఎదుర్కోదు. ఆధునిక వ్యవహార భాషలోని సంధిని భద్రిరాజు కృష్ణమూర్తి 1950ల్లోనే శాస్త్రీయంగా వివరించారు. ఆ జ్ఞానం పాఠశాల దాకా దిగిరాకపోవడం మన శాఖలు కూడా ఆలోచించవలసిన లోపం.

ప్రాచీన పద్యాన్ని అన్వయించుకోవడానికి ఈ సూత్రాలు అవసరమన్న వాదం ఉంది. అది సబబే. సంధి తెలియని వాడికి పోతన పద్యంలో పదం ఎక్కడ ముగిసిందో తెలియదు. కాని ఆ అవసరం విడదీయడాన్ని సమర్థిస్తుందే తప్ప, అక్కడే మొదలుపెట్టడాన్ని సమర్థించదు. మాట్లాడేటప్పుడు అలవోకగా పదాలను కలిపే విద్యార్థి, వాచకం చేత పట్టగానే ప్రతి పదం దగ్గరా ఆగి, తనది కాని ఒక గొంతుతో చదువుతాడు. పిల్లల సంభాషణను ముందుగా నల్లబల్లపై రాయించి, ఎక్కడ ఏ అచ్చు లోపించిందో వారినే గుర్తించమనాలి. ఆ తరువాతనే సూత్రం చెప్పాలి. ‘తెచ్చిచ్చాడు’ దగ్గర సూత్రం సరిపోలేదని ఒక విద్యార్థి లేచి అడిగితే, ఉపాధ్యాయుడు ఆ ప్రశ్నకు ఒక పీరియడు కేటాయించవచ్చు.