పాత పాటకు కొత్త మెరుగు

1957లో వచ్చిన ‘మాయాబజార్’కు 2010లో రంగులద్ది, ధ్వనిని డి.టి.ఎస్. పద్ధతికి మార్చారు. ఆ చిత్రం మాట అటుంచి, ఇలా మెరుగుదిద్దిన పాత పాటల సంపుటి ఒకటి ఈమధ్య విన్నాను. ఆత్మకూరులో మిత్రుని ఇంట హాయిగా తోచిన పాటే ఉదయగిరిలో హారను స్పీకరు నుండి వస్తే చెవులు కోసింది. హారనుకు మంద్రం ఎలాగూ లేదు. అది గట్టిగా పలికే మూడు, నాలుగు వేల కంపనాల ప్రాంతంలోనే మన చెవీ మిక్కిలి చురుకు. దిద్దినవారు సరిగ్గా ఆ ప్రాంతం నుండే పైకి ఎత్తినట్లున్నారు.

ఈక్వలైజరు ఒక్కొక్క పౌనఃపున్య భాగాన్ని విడిగా హెచ్చించగలదు, తగ్గించగలదు, లేనిదానిని సృష్టింపజాలదు. ఆనాటి ఫిల్ము అంచున కాంతితో ముద్రించిన ధ్వనిరేఖలో సెకనుకు 8000 కంపనాలకు పైబడిన సంగీతం స్వల్పం. అక్కడ 6 డెసిబెల్లు హెచ్చిస్తే కంపన పరిమితి రెట్టింపవుతుంది. అయితే రెట్టింపయ్యేది చాలావరకు ఫిల్ము రొదే!

మాటకు కలిగే హాని ఇంకా పెద్దది. ‘స’కారపు బలం 5000 కంపనాలకు పైన, ‘శ’కారపు బలం అంతకు దిగువన ఉంటుంది. పైభాగాన్ని అతిగా ఎత్తితే శకారం సకారం వైపు జరుగుతుంది. ఘంటసాల ఉచ్చారణకోసం వినేవారికి ఇది చిన్న నష్టమా?

హెచ్చించబోయేముందు తగ్గించి చూడవలసింది. 200–400 కంపనాల ప్రాంతాన్ని రెండు మూడు డెసిబెల్లు తగ్గిస్తే పైభాగం తనంతట తేటపడటం కద్దు. ఉపాధ్యాయులు ఫోనులోని ఈక్వలైజరుతోనే తరగతిలో దీనిని పరీక్షించవచ్చు. పిల్లలు కళ్లు మూసుకొని, వినిపించినది శకారమో సకారమో రాస్తే చాలు.