కుడి నుంచి ఎడమకు: కృష్ణ ఒడ్డు రాతి కథలు, జపాన్ మాంగా సంపుటాలు

మాంగా పుస్తకం మొదటిసారి పట్టుకున్నవాళ్లలో చాలామంది చివరి పేజీ దగ్గర మొదలుపెడతారు. ఆ సంగతి ప్రచురణకర్తలకూ తెలుసు. అందుకే కొన్ని పుస్తకాల్లో ఆ పేజీలోనే ‘మీరు తప్పు వైపు నుంచి చదువుతున్నారు’ అని అచ్చేస్తారు. జపాన్ బొమ్మల కథ కుడి నుంచి ఎడమకు నడుస్తుంది. పేజీలే కాదు, పేజీలోని గడులు, గడిలోని మాటల బుడగలు కూడా అంతే. 2025 సెప్టెంబరులో ‘డీమన్ స్లేయర్’ సినిమా తెలుగు మాటలతోనూ మన థియేటర్లకు వచ్చింది. అది చూసిన పిల్లలు ఇప్పుడు అసలు పుస్తకాలు కావాలంటున్నారు. పాలకీడు, నేరేడుచర్ల, హుజూర్‌నగర్ ఇళ్లలో ఏది కొనాలో పెద్దవాళ్లకు తెలియడం లేదు. పైగా ఇదేదో మనకు పట్టని చదువు అన్న అనుమానం ఒకటి.

ఆ అనుమానం అక్కర్లేదు. పాలకీడుకు ఎగువన, కృష్ణ ఒడ్డునే, పదిహేడు వందల ఏళ్ల కిందట కథను గడులుగా కోసి కుడి నుంచి ఎడమకు పేర్చినవాళ్లున్నారు. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి, ఇప్పటి నాగార్జునకొండ శిల్పులు వాళ్లు. సాగర్ నీళ్లు ముంచకముందు 1954 నుంచి 1960 దాకా ఆ లోయంతా తవ్వి, దొరికిన శిల్పాలను కొండ మీది మ్యూజియానికి చేర్చారు. లోయ మునిగింది. ఎడమ కాల్వ నీళ్లు మన పొలాలకు వచ్చాయి.

ఆ మ్యూజియంలో, స్తూపానికి నాలుగు దిక్కులా ముందుకు పొడుచుకొచ్చే ఆయక వేదికల మీది పొడవాటి దూలాలు చూడండి. భక్తుడు స్తూపాన్ని కుడిచేతి వైపు ఉంచుకుని ప్రదక్షిణ చేస్తాడు. నడుస్తూ స్తూపం వైపు తిరిగి చూస్తే తరవాతి దృశ్యం అతని ఎడమ పక్కన ఉంటుంది. అంటే కథ కుడి నుంచి ఎడమకు సాగాలి. బౌద్ధ శిల్పంలో కథ చెప్పే పద్ధతులను వర్గీకరించిన కళాచరిత్రకారిణి విద్యా దెహేజియా ఈ దూలాల కథనాన్ని అలాగే చదివారు. అక్కడ చదివేవాడి చూపును నడిపింది అక్షరాల వరుస కాదు, పాదాల నడక.

ఇంకో సంగతి. ఒక దృశ్యానికీ తరవాతి దృశ్యానికీ నడుమ సన్నని గడిలో ఒక స్త్రీపురుషుల జంట నిలబడి ఉంటుంది. ఆ జంటకు కథతో సంబంధం లేదు. వాళ్ల పనల్లా ‘ఈ ఘట్టం అయిపోయింది, ఇక ముందుకు పదండి’ అని చెప్పడమే. మాంగాలో ఈ పని గడుల మధ్య వదిలిన తెల్లటి సందు చేస్తుంది. ఒక గడిలో ఎత్తిన కత్తి, పక్క గడిలో రాలిపడుతున్న ఆకు. దెబ్బ తగిలింది ఆ సందులో, చదివేవాడి మనసులో. ‘అండర్‌స్టాండింగ్ కామిక్స్’ (1993) రాసిన స్కాట్ మెక్‌క్లౌడ్ మొత్తం బొమ్మల కథాకళకే ఈ ఖాళీ గుండెకాయ అన్నాడు. జపాన్‌వాళ్లు దీన్ని ఇంకాస్త ముందుకు లాగారని గమనించింది కూడా ఆయనే. మాంగాలో కొన్నిసార్లు కాలం కదలదు. కిటికీ, చల్లారిన టీ కప్పు, తీగ మీద పిట్ట — ఒకే క్షణాన్ని నాలుగు వైపుల నుంచి చూపించి కథ ఊపిరి పీల్చుకుంటుంది.

చప్పుడు లేకపోవడాన్ని బొమ్మలో ఎలా చూపాలి? కృష్ణాలోయ శిల్పాల్లో సిద్ధార్థుడు ఇల్లు విడిచిపోయే ఘట్టంలో దీనికి జవాబుంది. అర్ధరాత్రి, కంథకమనే గుర్రం, వెంట చెన్నుడు. గుర్రపు డెక్కలు నేలకు తగలకుండా యక్షులు అరచేతుల్లో పట్టుకుని ఉంటారు. డెక్క చప్పుడైతే కపిలవస్తు నిద్రలేస్తుంది. రాతికి గొంతు లేదు కాబట్టి శిల్పి నిశ్శబ్దాన్ని చేతులుగా చెక్కాడు. మాంగా చిత్రకారుడు అదే పనిని అక్షరంతో చేస్తాడు. ఖాళీ గదిలో ఎవరూ పలకనప్పుడు గోడ మీదుగా ‘షీన్’ అని పెద్ద అక్షరాలు సాగదీసి గీస్తాడు. అది నిశ్శబ్దం చేసే చప్పుడు. వాన, అడుగులు, గుండెదడ అన్నిటికీ ఇలాంటి అక్షరాలున్నాయి. మాటల బుడగలే చదివి వీటిని దాటేస్తే సగం కథ పోయినట్టే.

మన బొమ్మల కథలకూ మాంగాకూ దారులు ఎక్కడ విడిపోయాయో 1947లో కనిపిస్తుంది. ఆ ఏడాది జులైలో నాగిరెడ్డి, చక్రపాణి ‘చందమామ’ మొదలుపెట్టారు. అందులో కథను అక్షరం మోసింది, బొమ్మ దానికి వెలుగిచ్చింది. అదే ఏడాది జనవరిలో జపాన్‌లో ఒసాము తెజుకా గీసిన ‘కొత్త నిధి దీవి’ వచ్చింది. సినిమా కెమెరాలా దగ్గరికీ దూరానికీ జరిగే గడులతో కథను బొమ్మే మోసింది. చేర్యాల నకాషీ పటానిది ఈ రెంటికీ మధ్య దారి. ఎర్రటి నేల మీద వరుసలు వరుసలుగా దృశ్యాలుంటాయి. కాకిపడగలవాళ్లలాంటి కథకులు పటం విప్పుతూ, దృశ్యం చూపిస్తూ, పాడుతూ కథ నడుపుతారు. అక్కడ దృశ్యాల మధ్య ఖాళీని కథకుడి గొంతు పూరిస్తుంది. మాంగాలో ఆ బాధ్యత పాఠకుడిదే. ఈ కళ విలువంతా అక్కడే ఉంది. ఇది మనం తీరిగ్గా కూర్చుని చూసేది కాదు, మన చేత పని చేయించుకునేది.

ఇక ఏం కొనాలి? మొదటి పుస్తకంగా తెజుకా ‘బుద్ధ’నే చెబుతాను. 1972 నుంచి 1983 దాకా గీసిన ఈ కథ ఇంగ్లీషులో 8 సంపుటాలు. మన దేశంలో హార్పర్‌కాలిన్స్ వేసింది. కొత్తవాళ్లకు ఇందులో ఒక వెసులుబాటు కూడా ఉంది. ఈ ఇంగ్లీషు ప్రతిలో బొమ్మలను అద్దంలోలా తిప్పి, ఎడమ నుంచి కుడికే చదివేలా అచ్చేశారు. మొదట్లోనే మంచులో పడిపోయిన ముసలి సాధువు, ఆయనకు పెట్టడానికి ఏమీ దొరక్క మంటలోకి దూకే కుందేలు. దాదాపు మాట లేకుండా సాగే ఆ పేజీలు చదివితే మాంగా ఏమిటో ఇంకొకరు చెప్పక్కర్లేదు. శుద్ధ చరిత్ర మాత్రం ఆశించకండి. చాప్రా, తత్తా వంటి పాత్రలు తెజుకా కల్పన. చదివాక మన సూర్యాపేట జిల్లాలోని బౌద్ధ క్షేత్రం ఫణిగిరి వెళ్లండి. అక్కడ దొరికిన శిల్పాలు 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం దాకా వెళ్లాయి.

రెండోది హిరోము అరకావా ‘సిల్వర్ స్పూన్’, 15 సంపుటాలు, కథ పూర్తయింది. మార్కుల పోటీకి తట్టుకోలేక ఊరొదిలిన పట్నం పిల్లాడు హచికెన్, హొక్కయిదోలో వ్యవసాయ హైస్కూలు హాస్టల్లో చేరతాడు. గుడ్డు కోడి ఒంట్లో ఎక్కణ్నుంచి వస్తుందో తెలిసి మొదట ముట్టుకోనంటాడు. ఒక పందిపిల్లను మురిపెంగా పెంచుతాడు, అది మాంసానికే పోతుందని తెలిసీ. అరకావా పాడి రైతుల ఇంట పుట్టింది కాబట్టి పేడ కంపూ, బ్యాంకు అప్పూ రెండూ నిజంగానే ఉంటాయి. కోదాడ, మిర్యాలగూడ కాలేజీల్లో ఇంటర్ చదివే పిల్లలున్న ఇంట్లో తల్లిదండ్రులూ చదవాల్సిన పుస్తకం.

కొత్తగా వస్తున్నవాటిలో ‘ఫ్రీరెన్’ను వదలొద్దు. 2020లో మొదలై ఇంకా సాగుతున్న ఈ కథ, మిగతా సాహసకథలు ముగిసేచోట మొదలవుతుంది. రాక్షసరాజు చచ్చాడు, వీరులు ఇళ్లకు చేరారు. వాళ్లలో ఒకరైన, వెయ్యేళ్లకు పైగా బతికిన ఫ్రీరెన్‌కు ఆ పదేళ్ల ప్రయాణం కునుకుపాటు. యాభై ఏళ్ల తరవాత మిత్రుడు హిమ్మెల్ అంత్యక్రియల దగ్గర గానీ అతన్ని తెలుసుకోలేదని ఆమెకు తట్టదు. ఏళ్లకు ఏళ్లు రెండు గడుల సందులో దాటిపోతుంటాయి. ఆ సందుకు ఇంతకంటే మంచి వాడకం ఈ మధ్య నేను చూడలేదు.

గుండె దిటవున్నవాళ్లకు కెయిజి నకజవా ‘బేర్‌ఫుట్ గెన్’, 10 సంపుటాలు. 1945 ఆగస్టు 6న హిరోషిమాలో రచయితకు ఆరేళ్లు. బాంబు పడ్డాక ఊరు ఎలా ఉందో చిన్నపిల్లల బొమ్మల పుస్తకంలా గుండ్రటి ముఖాలతోనే గీశాడు. మరీ చిన్నపిల్లలకు మాత్రం ఇవ్వకండి.

కొనేముందు రెండు మాటలు. మాంగా ముందు పత్రికలో, చాలావరకు వారం వారం ఇరవై పేజీల దాకా, భాగాలుగా వస్తుంది. ఆ తరవాతే రెండు వందల పేజీల విడి సంపుటమవుతుంది. అందుకే ప్రతి సంపుటం కొసన ఒక కొక్కెం ఉంటుంది. కొత్త సంపుటం వచ్చిందని నడిమధ్యలో దూకితే ఏమీ అర్థం కాదు. సాగుతున్న కథైతే మొదటి రెండు కొని చూడండి. ‘డీమన్ స్లేయర్’ 23 సంపుటాలతో పూర్తయింది, సినిమాలోని ఇన్ఫినిటీ క్యాజిల్ యుద్ధం 16వ సంపుటంలో మొదలవుతుంది. అయినా ఒకటి నుంచే చదవమని చెబుతాను. 1997 నుంచి వంద దాటి పోతున్న ‘వన్ పీస్’తో మాత్రం చదువు మొదలుపెట్టొద్దు. ఒక్క ఇల్లు ఇన్ని కొనడం భారమే కనుక నలుగురు కలిసి తలో సంపుటం కొని మార్చుకోండి. బడి లైబ్రరీకి పుస్తకాలు ఎంపిక చేసే టీచర్లు ‘బుద్ధ’ ఎనిమిది సంపుటాలనూ జాబితాలో చేర్చండి. ఆరో తరగతి పిల్లాడు బొమ్మల కోసం తెరిచినా, పదో తరగతికి వచ్చేసరికి కథ కోసం మళ్లీ తీసుకెళ్తాడు.