క్షయగడ్డకు లెక్క కట్టే పనితనం

సాధారణ క్షయకు కూడా మందులు ఆరు నెలలు ఎందుకు మింగాలి? ఈ ప్రశ్నకు కంప్యూటర్‌లో జవాబు వెతికేవాళ్లంటే నాకు ఎంతో గౌరవం. అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో డెనిస్ కిర్ష్‌నర్ బృందం తయారుచేసిన 'గ్రాన్‌సిమ్' అనే కంప్యూటర్ నమూనా ఆ పనితనానికి మంచి నిదర్శనం.

ఊపిరితిత్తుల్లో క్షయ క్రిముల చుట్టూ రోగనిరోధక కణాలు గుమిగూడి కట్టే చిన్న గడ్డే గ్రాన్యులోమా. దాన్ని తెర మీద గళ్లుగా పరుస్తారు. ఒక్కో గడి వెడల్పు 20 మైక్రాన్లు, అంటే క్రిములను మింగే మాక్రోఫేజ్ అనే రోగనిరోధక కణం ఒకటి పట్టేంత. ఏ కణం ఎటు కదలాలి, ఎప్పుడు క్రిమిని మింగాలి, ఎప్పుడు చావాలి అన్నదానికి నియమాలు రాస్తారు. ఆపైన రక్తనాళాల నుంచి ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్ అనే క్షయ మందులను వదులుతారు. మందు గడ్డ లోపలికి ఇంకుతూ ఎక్కడ పలచబడుతుందో, నడిమధ్య నిర్జీవ పదార్థంలో మందకొడిగా ఉన్న క్రిములు ఎలా తప్పించుకుంటాయో గడిగడికీ తెలుస్తుంది.

వాళ్ల నిజాయితీ మరీ మెచ్చదగింది. తెర మీది ఫలితాన్ని కోతుల మీద చేసిన ప్రయోగాల కొలతలతో సరిచూసుకుంటారు. ఏ మోతాదును, ఏ మందుల కలయికను ముందుగా పరీక్షించాలో ఈ లెక్కలు దారి చూపుతాయి.

ప్రపంచంలో క్షయ రోగులు అన్ని దేశాలకంటే ఎక్కువగా మన దేశంలోనే ఉన్నారు. దగ్గు తగ్గిందని మందు మధ్యలో మానకండి. క్రిములు ఇంకా గడ్డ లోపల దాగి ఉండవచ్చు; ఆరు నెలలు మందు మింగాల్సింది అందుకే.