కామా గలాటా

పోయిన ఏడు ఒక సాయంత్రం బర్గూరు జవుళి బజారులో ఓ అంగడాయన నా ముందర ఒక బిల్లు పెట్టినాడు. పన్నెండు వందల యాభై రూపాయల చీర. బిల్లులో ధర ఒక్క రూపాయి.

“ఏమప్పా, నీ ప్రోగ్రాము నన్ను వీధిలో నిలబెట్టేటట్టుంది కదా!”

నవ్వుతూనే అన్నాడు. టీ మాత్రం ఆరోజు చెప్పలేదు.

కృష్ణగిరి నుంచి చెన్నై పోయే పెద్దరోడ్డు మీద ఊరు మాది. టోకు జవుళికి పేరు. మాలో చాలామందికి ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, బేరంలో రెండూ. 1994లో ప్రభుత్వ ఇంజనీరింగ్ కాలేజీ కూడా వచ్చింది. అయినా ఆర్డర్లు ఇదివరకు చీటీల మీదే వచ్చేవి. తర్వాత ఫోనులో, ఉన్నదంతా ఒక్క వరుసలో.

రకం=చీర,రంగు=ఎరుపు,ధర=1,250,ఊరు=కుప్పం

ఆర్డరును బిల్లుగా మార్చే నా ప్రోగ్రాము ఈ వరుసను కామా ఉన్నచోటల్లా తుంచాలి. ప్రతి తునకనూ సమానం గుర్తు దగ్గర మళ్లీ తుంచి, ఎడమది పేరుగా, కుడిది విలువగా పట్టికలో పెట్టాలి. పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఇలా తుంచే ఫంక్షన్ పేరు ఎక్స్‌ప్లోడ్, అంటే పేల్చడం. నా చేతిలో నిజంగానే పేలింది. 1,250లోని కామా దగ్గర కూడా తెగి, ధర 1 అయింది. తలా తోకా లేని 250 పక్కన పడింది. మన లెక్కలో లక్షా పాతిక వేలకు రెండు కామాలు: 1,25,000. టోకు బజారులో కామాతో తుంచడానికి బయలుదేరడం నా తెలివితక్కువతనం. నేర్పే పుస్తకాల్లో ఉదాహరణలన్నీ అ=1, ఆ=2 అని ముద్దుగా ఉంటాయి. వాటిల్లో ఎవరూ చీరలమ్మరు.

కామా తీసి సెమీకోలన్ పెట్టినాను. వారం నడిచింది. అంతలో ఎవరో “గమనిక=జరీ=వెండి” అని పంపినారు. రెండో సమానం గుర్తు దగ్గరా తెగి, వెండి ఎగిరిపోయింది. మొదటి గుర్తు దగ్గర మాత్రమే తుంచమని చెప్పాలి. పీహెచ్‌పీలో అయితే మూడో ఆర్గ్యుమెంటుగా 2 ఇస్తే చాలు, “జరీ=వెండి” చెక్కుచెదరకుండా వస్తుంది. జావాస్క్రిప్ట్ స్ప్లిట్‌కూ అట్లే 2 ఇచ్చి చూడండి: రెండు తునకలిచ్చి మిగిలింది పారేస్తుంది. అడిగేది ఒకటే, వచ్చే జవాబులు వేరు. ఈ తేడా తెలిసేసరికి నాకు నెత్తిన కొన్ని వెంట్రుకలు తగ్గినాయి.

అన్నిటికన్నా నన్ను ఏడిపించింది కంటికి కనబడనిది. “సైజ్” అనే పేరు కొన్ని వరుసల్లో దొరుకుతుంది, కొన్నిట్లో లేదంటుంది. అచ్చు వేసి చూస్తే రెండూ ఒకటే. రెండు రాత్రులు పోయినాయి. పొల్లు తర్వాత వచ్చే హల్లు ఒత్తుగా అంటుకోకుండా మన తెలుగు కీబోర్డులు ఒక దాపుడు గుర్తు వేస్తాయి. ఒకరి ఫోను ఆ గుర్తును మాట చివర వదిలేసింది. ట్రిమ్ అనే ఫంక్షన్ అటూ ఇటూ ఖాళీలను కోస్తుందే గాని దీన్ని ముట్టదు. కంప్యూటరుకు అవి రెండు వేర్వేరు పేర్లు. ఆ రోజు నుంచి పేర్లను టైపు చేయనివ్వడం మానేసి, జాబితాలోంచి ఎంచుకోమంటున్నాను.

మా ఊరి పేరుదీ ఇట్లాంటి గోలే. గోధుమరంగు మీద తెల్లమచ్చలుండే బర్గూరు ఆవులు మీ ఊరివేనా అని బయటివాళ్లు అడుగుతారు. కావు. అవి ఈరోడ్ జిల్లాలోని బర్గూరు కొండలవి. పేరు ఒకటే, చోట్లు రెండు. పట్టికలో ఒకే పేరుతో రెండోసారి విలువ పెడితే మొదటిది చప్పుడు లేకుండా చెరిగిపోతుంది. అందుకే ఊరి పేరుతో కాదు, పిన్‌కోడుతో వెతికేట్టు మార్చినాను. వెబ్ చిరునామాలో పంపితే ఈ పేరు ఇంకా వింత. తెలుగులో ఒక్కో గుర్తుకు మూడు బైట్లు, ఒక్కో బైటుకు శాతం గుర్తుతో కలిపి మూడు అక్షరాలు. ఏడు గుర్తుల “బర్గూరు” 63 అక్షరాల పొడుగవుతుంది.

నిజానికి ఇలా తునకలను విడదీసే పనికోసమే 1960లలో కంప్యూటరు అక్షరాల ఆస్కీ పట్టికలో నాలుగు ప్రత్యేక గుర్తులు పెట్టినారు, 28 నుంచి 31 దాకా. చీరల ధరల్లో అవి ఎన్నటికీ రావు. కాని కీబోర్డు మీద వాటికి మీట లేదు. అంగడాయన వాటిని ఎట్లా కొడతాడు?

దారి చివరికి ఆయనే చూపినాడు. “ఒక్కో సంగతి ఒక్కో వరుసలో రాసుకోకూడదా? మా నాయన చీటీ అట్లే రాస్తుండె.” వరుస మారడమే ఇప్పుడు మా విడదీత గుర్తు. వరుస లోపల కామాలు ఎన్నైనా ఉండనీ.

రేపు మీరెవరైనా ఇట్లాంటి ప్రోగ్రాము రాయడానికి కూర్చుంటే, ముందు ఆ అంగడికి పోయి పది పాత చీటీలు అడగండి. కమ్మీకి గుచ్చి పెట్టే ఉంటారు.