వినోద్‌గా మారిన ఫరీదీ

మా అబ్బా ఉర్దూ మీడియంలో చదువుకున్నాడు. నేను తెలుగు మీడియంలో చదువుకున్నాను. ఇంట్లో ఇద్దరం మాట్లాడుకునేది ఉర్దూనే. కానీ అబ్బా చదివే పుస్తకం నాకు ఉత్త బొమ్మల పుస్తకం. అట్ట మీద పిస్తోలు, టోపీ పెట్టుకున్న మనిషి, కుడి నుంచి ఎడమకు సాగే అక్షరాలు. రాత్రి అన్నాలు తిన్నాక ఆ పుస్తకంలో కథ చెప్పేవాడు. ఇమ్రాన్ తెలివితక్కువవాడిలా నటిస్తూ దొంగల్ని ఎట్లా బోల్తా కొట్టించాడో చెప్పబోతూ తనే ముందు నవ్వేవాడు. 'రాసిందెవరు అబ్బా?' అంటే 'ఇబ్నె సఫీ, బేటా' అనేవాడు. ఆ పేరు చెప్పేటప్పుడు ఆయన గొంతులో ఒక మర్యాద ఉండేది.

స్కూల్లో హిందీ నేర్చుకున్నాక ఒక ఆదివారం హైదరాబాదులో, ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీది పాత పుస్తకాల కుప్పలో ఆ పేరు హిందీలో కనిపించింది. కొనుక్కుని బస్సులోనే చదవడం మొదలుపెట్టాను. అబ్బా చెప్పిన కథే. కానీ అందులో ఫరీదీ లేడు. కర్నల్ వినోద్ ఉన్నాడు. పక్కనున్న హమీద్ మాత్రం హమీద్‌గానే ఉన్నాడు. ఇంటికొచ్చి అడిగితే అబ్బా పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి చూసి 'అమ్ముకోవాలి కదా' అన్నాడు.

ఆ మాట నన్ను ఇన్నేళ్లూ వదల్లేదు.

ఇబ్నె సఫీ అసలు పేరు అస్రార్ అహ్మద్. 1928లో అలహాబాదు జిల్లా నారా గ్రామంలో పుట్టాడు. తండ్రి పేరు సఫీయుల్లా. ఇబ్నె సఫీ అంటే సఫీ కొడుకు అని అర్థం. మొదట కవి. పుట్టిన ఊరు పేరు తగిలించుకుని అస్రార్ నార్వీగా గజళ్లు రాశాడు. వేరే పేర్లతో వ్యంగ్యం రాశాడు. బడిలో పాఠాలు చెప్పాడు. అశ్లీలం లేకపోతే ఉర్దూలో చవక పుస్తకం అమ్ముడుపోదని ఒక గోష్ఠిలో ఎవరో అంటే, ఆ మాటను సవాలుగా తీసుకున్నానని ఆయనే రాసుకున్నాడు. 1952 మార్చిలో అలహాబాదులో 'జాసూసీ దునియా' మొదలైంది. నెలకో నవల. ప్రచురణకర్త మిత్రుడు అబ్బాస్ హుసైనీ. తొలి నవలకు విక్టర్ గన్ ఇంగ్లీషు కథ ఆధారమని దాచుకోకుండా చెప్పాడు. ఆ తర్వాత తన దారి తనే వేసుకున్నాడు.

అదే ఏడాది ఆగస్టులో ఆయన కరాచీ వెళ్లిపోయాడు. తండ్రి అప్పటికే అక్కడ ఉద్యోగంలో ఉన్నాడు. మనిషి సరిహద్దు దాటాడు గానీ కథ దాటలేదు. రాతప్రతులు కరాచీ నుంచి అలహాబాదు వస్తూనే ఉన్నాయి. రెండు దేశాలు ఒకదాని మీద ఒకటి తుపాకులు ఎక్కుపెట్టుకుని కూర్చున్న కాలంలో, రెండు దేశాల పాఠకులు ఒకే మనిషి కొత్త నవల కోసం ఎదురుచూశారు. 1955లో ఇమ్రాన్ సిరీస్ మొదలైంది. రెండు సిరీస్‌లలో కలిపి దాదాపు 245 నవలలు రాశాడు.

మధ్యలో మూడేళ్లు కలం ఆగిపోయింది. 1960 నుంచి 1963 దాకా మనోవ్యాధి. ఆయన మంచాన పడ్డప్పుడు బజారు ఊరుకోలేదు. పేరు చివర సఫీ తోక తగిలించుకున్న నకిలీ రచయితలు పుట్టుకొచ్చారు. 1963 నవంబరులో 'డేఢ్ మత్‌వాలే'తో ఆయన తిరిగొచ్చాడు. ఆ నవలను మన దేశంలో విడుదల చేసింది, అంతకు కొన్ని నెలల ముందు దాకా కేంద్ర హోంమంత్రిగా ఉన్న లాల్ బహదూర్ శాస్త్రి అని అభిమానులు ఇప్పటికీ చెప్పుకుంటారు. 1980 జులై 26న, సరిగ్గా తన 52వ పుట్టినరోజున, కరాచీలో కన్నుమూశాడు.

ఇది జీవితం. ఇప్పుడు ఆ నవలల్లోకి వెళ్దాం.

జాసూసీ దునియాలో దేశానికి పేరుండదు. వీధులు, క్లబ్బులు, హోటళ్లు, పోలీసు ఠాణాలు మనవే అనిపిస్తాయి. కానీ ఇది హిందుస్తాన్ అనిగానీ పాకిస్తాన్ అనిగానీ రచయిత అనడు. అహ్మద్ కమాల్ ఫరీదీ నవాబు కొడుకు. ఆస్తి ఉంది, అవసరం లేదు, అయినా పోలీసు ఉద్యోగం చేస్తాడు. చట్టం మీద మొండి నమ్మకం. హమీద్ అల్లరివాడు, సోమరి, ఆడపిల్లల వెంట పడేవాడు. ఇక ఇమ్రాన్. ఆక్స్‌ఫర్డ్‌లో నేరశాస్త్రం చదివొచ్చిన డాక్టరు. సొంత తండ్రే పనికిమాలినవాడని ఇంట్లోంచి వెళ్లగొడతాడు. ఆ తండ్రి ఇంటెలిజెన్స్ శాఖకు పెద్ద. దేశ రహస్య దళానికి అధిపతి ఎక్స్-టూ తన కొడుకేనని ఆయనకు తెలియదు.

ఈ మనుషులందరికీ ముస్లిం పేర్లున్నాయి. కానీ ఆ పేరు కథలో సమస్య కాదు. ఫరీదీ ఎక్కడా తన దేశభక్తిని రుజువు చేసుకోడు. 'మేం కూడా మంచివాళ్లమే' అని ఎవరికీ చెప్పుకోడు. ఉదయం లేస్తాడు, కుక్కలకు తిండి పెడతాడు, డ్యూటీకి పోతాడు. హంతకుణ్ణి పట్టుకుంటాడు. అంతే. ఒక ముస్లిం పేరు ఏ వివరణా ఇచ్చుకోకుండా కథ నడిపించగలగడం ఎంత పెద్ద సంగతో, అది దొరకనివాళ్లకే తెలుస్తుంది.

నాకది దొరకలేదు. నేను చదివింది తెలుగు చవక నవలలు. కొమ్మూరి సాంబశివరావు యుగంధర్, మధుబాబు షాడో నా బాల్యంలో నిజమైన దోస్తులు. అద్దె పుస్తకాల షాపులో పావలా పెట్టి తెచ్చుకుని దుప్పట్లో దూరి చదివాను. ఆ హీరోల మీద నాకే పగా లేదు. కానీ తెలుగు జనరంజక కథలన్నిటినీ, సినిమాలతో సహా, ఒక్కచోట పోసి చూడండి. ముస్లిం పేరు ఎక్కడ తగులుతుంది? స్మగ్లర్ దగ్గర. వడ్డీకిచ్చే పఠాన్ దగ్గర. 1990ల నుంచి టెర్రరిస్టు దగ్గర. లేదంటే హీరో కోసం ప్రాణమిచ్చే నమ్మకస్తుడైన స్నేహితుడి దగ్గర. ఈ చివరివాణ్ణి మనకు ఇచ్చిన గౌరవంగా చూపిస్తారు. వాడు కథ సగంలోనే చచ్చిపోతాడని మాత్రం గుర్తు చెయ్యరు.

ఇప్పుడు వినోద్ దగ్గరికి రండి.

హిందీ అనువాదం మొదలైనప్పుడు ఫరీదీ వినోద్ అయ్యాడు. ఇమ్రాన్ రాజేశ్ అయ్యాడు. హమీద్ పేరు మారలేదు. లావుపాటి కాసిం పేరూ మారలేదు. నవ్వించేవాడికి, వెంట తిరిగేవాడికి ముస్లిం పేరు ఉండొచ్చు. ముందు నడిచేవాడికి ఉండకూడదు. లిపి మారితే భాష కొద్దిగా మారాలి. ఇక్కడ హీరో మతం మారింది. కథలో మరేదీ మారకపోవడం చూస్తే, ఆ పేరు ఎంత బరువైందో అర్థమవుతుంది.

ఈ పని చేసింది మతద్వేషులు కారు. ఉర్దూలో ఆ నవలల్ని ప్రేమగా వేసిన అలహాబాదు సంస్థే హిందీలోనూ వేసింది. పేర్లు మార్చడం వ్యాపారం లెక్క. మా అబ్బా అన్నదీ అదే. కొత్త పాఠకుడికి కొత్త హీరో కావాలని వాళ్లు అనుకున్నారు. ఆ లెక్క తప్పని కూడా నేననలేను. ఆ పుస్తకాలు బాగానే అమ్ముడుపోయాయి. కానీ ద్వేషం లేకుండా జరిగిన పని కాబట్టే ఇది ఎక్కువ ఆలోచించాల్సిన పని. శత్రువు మన పేరు చెరిపేస్తే కొట్లాడతాం. మనమే బేరం కోసం చెరుపుకుంటే ఎవరితో కొట్లాడతాం? స్కూల్లో పిలవడానికి ఒక పేరు, ఇంట్లో ఒక పేరు పెట్టుకున్న పిల్లలు మనలో లేరా? ఇల్లు అద్దెకు అడగబోయి పేరును సగంలో ఆపినవాళ్లు లేరా? నేను ఆపాను. అందుకే వినోద్‌ను చూస్తే నాకు కోపం కంటే సిగ్గే ఎక్కువ.

అలాగని ఇబ్నె సఫీని పీర్‌ను చేసి చాదర్ కప్పడం నా ఉద్దేశం కాదు. మనల్ని మూసల్లో పోస్తున్నారని అడిగేవాళ్లం, ఆయన పోసిన మూసల్నీ చూడాలి. ఇమ్రాన్ అంగరక్షకుడు జోసెఫ్ ఆఫ్రికా మనిషి. భారీ శరీరం, తాగుడు, మూఢనమ్మకాలు, యజమాని మీద కుక్క విశ్వాసం. తెల్లవాళ్లు నల్లవాళ్లకు కట్టిన వేషాన్నే ఈయన తెచ్చి వాడుకున్నాడు. విలన్ సంగ్ హీ పేరులోనే చైనావాడి మీద పాశ్చాత్యుల భయం ఉంది. ఫరీదీ ఆడవాళ్లకు దూరంగా ఉండటాన్ని గొప్పగుణంగా రాశాడు. దేశానికి పేరు పెట్టకపోవడం పాఠకుడికి ఊపిరి పోసింది, నిజమే. కానీ దేశ విభజనలో సొంతూరు వదిలి వెళ్లిన మనిషి 245 నవలల్లో ఆ గాయాన్ని నేరుగా ఎదుర్కోకపోవడం కూడా ఆ పేరులేనితనంలో భాగమే. షక్రాల్, జీరోలాండ్ లాంటి లేని చోట్లు ఎన్నో సృష్టించాడు. పోగొట్టుకున్న నారా గ్రామం మాత్రం కలం పేరులోంచి కూడా పోయింది.

ఉర్దూ పండితులు ఆయన్ని చాలాకాలం సాహిత్యం గడప తొక్కనివ్వలేదు. రిక్షా తొక్కేవాడూ ప్రొఫెసరూ ఒకే పుస్తకం చదివితే అది సాహిత్యం కాదన్నది వాళ్ల కొలత. ప్రొఫెసర్ దిండు కింద దాచుకుని చదివేవాడు. చివరికి ఉర్దూ విమర్శలో శిఖరం లాంటి షమ్సుర్ రహ్మాన్ ఫారూఖీ స్వయంగా నాలుగు నవలల్ని ఇంగ్లీషులోకి తెచ్చాడు. చెన్నైలోని బ్లాఫ్ట్ సంస్థ 2011లో వాటిని వేసింది. వాటిలో ఫరీదీ ఫరీదీగానే ఉన్నాడు. ఈ శతాబ్దంలో వచ్చిన కొత్త హిందీ ముద్రణల్లోనూ అసలు పేర్లు తిరిగొచ్చాయి. వినోద్ అయినవాడు మళ్లీ ఫరీదీ కావడానికి అరవై ఏళ్లు పట్టింది.

ఉత్తరప్రదేశ్‌లో 1947 తర్వాత, మన దగ్గర 1948లో నిజాం పాలన పోయాక, ఉర్దూ కచేరీల నుంచి, తరగతి గదుల నుంచి క్రమంగా తప్పుకుంది. అలాంటి కాలంలో ఆ లిపిని మామూలు మనుషుల చేతుల్లో నిలబెట్టినవాటిలో ఈ చవక నవలలు ముఖ్యమైనవి. ఆయన్ని చదవడం కోసమే ఉర్దూ నేర్చుకున్నామని చెప్పేవాళ్లున్నారు. మా ఇంట్లో ఆ లిపి అబ్బాతో ఆగిపోయింది. దానికి ప్రభుత్వాన్ని ఎంత తప్పుపట్టినా, నేర్చుకోని నా తప్పు నాదే.

తెలుగులో ముస్లిం కథకులు ఇవాళ మన కన్నీళ్లు రాస్తున్నారు. రాయాల్సిందే. కానీ ఒక హంతకుణ్ణి వెతుక్కుంటూ పాతబస్తీలోనో గుంటూరులోనో తిరిగే తెలుగు ముస్లిం డిటెక్టివ్‌ను కూడా ఎవరైనా రాయండి. వాడు ఎవరికీ సంజాయిషీ ఇవ్వొద్దు. సగంలో చావొద్దు. కేసు తేల్చి, ఇరానీ చాయ్ తాగి ఇంటికి పోవాలి. పుస్తకం అమ్ముడుపోదని ఎవరైనా అంటే ఆ మాటను ఇబ్నె సఫీలాగే సవాలుగా తీసుకోండి.

వాడికి పేరు పెట్టేటప్పుడు మాత్రం సగంలో ఆపకండి.